ఎదురెళ్ళి చెప్పిన మాట

గుడివాడ
ఆగస్టు 1998

చిట్టెమ్మ వదినకు,

బాగున్నావా అని అడగను. బాగాలేవని తెలిసే రాస్తున్నాను. మీ తమ్ముడు పోయి, నేను పిల్లని తీసుకుని పాలెం వదిలి పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో నీకు ఇదే మొదటి ఉత్తరం. ఇది కూడా నీ కొడుకు గోపి బతిమాలితే రాస్తున్నాను.

మొన్న ఆదివారం చేపల మార్కెట్లో నా బుట్ట ముందు ఎవరో కుర్రాడు నిలబడ్డాడు. తలెత్తకుండానే "ఏం కావాలి బాబూ, బొచ్చెలా, కొరమీనా" అన్నాను. "అత్తా, నేను" అన్నాడు. వదినా, అది అచ్చం మేనమామ గొంతే. కత్తిపీట మీద వేలు తెగింది.

వాడు చెప్పింది నిజమేనా? వేటకి వెళ్ళే ప్రతి పడవనీ నువ్వు ఒడ్డున నిలబడి వెనక నుంచి కేకేసి పిలుస్తున్నావట. వెనక్కి పిలిస్తే మనవాళ్ళు ఎంత పట్టింపు పడతారో నీకు నేను చెప్పాలా! ఇంటికి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఈలోగా పోటు తీసేస్తుంది, ఏరు సముద్రంలో కలిసే మొగలో నీళ్ళు చాలక పడవ కదలదు. ఆ పూటకి అందరి పొయ్యిలూ ఆరినట్టే. ఎండ కాస్తున్న రోజున కూడా "సత్తిబాబు లాగా పోతార్రా, ఆగండ్రా" అని అరుస్తున్నావట. నా మొగుడి పేరు అలా ఒడ్డు మీద పడేసి తొక్కిస్తావా?

దసరా లోపు నువ్వు ఈ పని మానకపోతే నిన్ను ఊరు దాటించాలని సుందరరాజు మావయ్యా, మిగతా పెద్దలూ తీర్మానం చేశారట. నిన్ను ఉంచుకుంటే మీ ఆయన పోతురాజు అన్నయ్య ఇల్లంతా వెలి. నీ మూలంగా గోపిని ఏ పడవలోకీ రానివ్వడం లేదు. ఇరవయ్యొక్కేళ్ళ వాడు ఐసు గడ్డలు మోసుకుంటూ తిరుగుతున్నాడు. "అత్తా, నీ మాటైతే వింటుంది" అన్నాడు. నా మాట నువ్వెందుకు వింటావో నాకైతే తెలియదు.

మానెయ్యి వదినా. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

మాణిక్యం

దిబ్బలపాలెం, నాగాయలంక దగ్గర
సెప్టెంబరు 1998

మాణిక్యానికి,

పోస్టుమాన్ సత్యవేదం "గుడివాడ నుంచి" అనగానే చెయ్యైనా తుడుచుకోకుండా లాక్కున్నాను. తీరా విప్పితే తిట్లు. పోనీలే, తిట్టడానికైనా గుర్తున్నాను.

గోపిగాడు చెప్పింది అక్షరాలా నిజం. పిలుస్తున్నాను. రేపూ పిలుస్తాను. సుందరరాజు మావయ్య మీసం దువ్వుకుంటూ "ఆడదాని నోటికి తాళం వెయ్యలేవట్రా పోతురాజూ" అన్నాడు. "ఆ తాళం పదేళ్ళ కిందటే పడింది మావయ్యా, ఇప్పుడే ఊడింది" అన్నాను. మీ అన్నయ్య ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్ద ముట్టలేదు. పాపం ఆయన్ని చూస్తే జాలేస్తుంది. అయినా మానలేను.

నీకు తెలియంది ఏముంది గనక. ఆ రోజు పొద్దున రేడియోలో చెప్పారు, వాయుగుండం పడింది, ఎవరూ వేటకి వెళ్ళొద్దని. నేను రొయ్యలు ఒలుస్తున్నదాన్ని ఆ చేతులతోనే పరిగెత్తాను. అప్పటికే సత్తిబాబు వల భుజానేసుకుని బయల్దేరాడు. వాడి వీపు కనబడుతోంది. నాలుగు బారల దూరం. పిలుపు నోటి దాకా వచ్చింది. వెనక నుంచి పిలిస్తే వెళ్ళేవాడికి కీడని మా అమ్మ చిన్నప్పుడు మూతి మీద కొట్టి మరీ నేర్పింది. వాడికి కీడు కాకూడదని నా చేత్తో నేనే నోరు మూసుకున్నాను మాణిక్యం! ఆ పడవ మళ్ళీ రాలేదు. మర్నాడు నువ్వు నా గుమ్మంలో నిలబడి "నోరు పడిపోయిందా నీకు, ఒక్క కేక పెట్టలేకపోయావా" అన్నావు. నువ్వన్నదాంట్లో తప్పేముంది?

అన్నాళ్ళు మూసుకునే ఉన్నాను. పోయిన వేసవిలో గోపి మొదటిసారి వల భుజానేసుకుని బయల్దేరాడు. అదే వీపు. నోరు దానంతట అదే తెరుచుకుంది. ఇక మూతపడడం లేదు. ఎవరి వీపు చూసినా అంతే.

వెలి వేస్తే వెయ్యమను. నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ ఎవరి తల్లీ నాలా ఏడవదు.

సునీత ఎలా ఉంది? రాయలేదేం? మేనత్తని గుర్తు చేసుకుంటుందా?

చిట్టెమ్మ

గుడివాడ
సెప్టెంబరు 1998

వదినకు,

సునీత ఇంటర్ చదువుతోంది. పొడుగు నీదే, మూతి విరుపూ నీదే. ఆ సంగతి ఎప్పుడైనా తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు ఒక్క మాట చెప్పాలి.

ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచాను. నువ్వు పిలవకపోవడం వల్ల ఏమీ జరగలేదు. ఆయనకి ముందే తెలుసు. ముందు రోజు రాత్రి వార్తల్లో వాయుగుండం సంగతి మా ఇంట్లో విన్నాం. నేనే చెప్పాను, రేపు వెళ్ళొద్దని. నవ్వాడు. "వాళ్ళు రోజూ చెప్తారులేవే" అని ముసుగు తన్ని పడుకున్నాడు. అన్నీ తెలిసే వెళ్ళాడు వదినా. నువ్వు పిలిచినా ఒకటే, పిలవకపోయినా ఒకటే. మరి నీ తప్పెక్కడుంది? ఆ రోజు దుఃఖంలో నేనేదో అన్నాను. దాన్ని పట్టుకుని కూర్చోకు.

ఇక పడవల్ని పిలవకు. దసరా వస్తోంది. సుందరరాజు మావయ్య మాట అంటే అన్నంత పనీ చేసే మనిషి.

మాణిక్యం

దిబ్బలపాలెం
సెప్టెంబరు 1998

మాణిక్యం,

ఎంత బాగా రాశావే! చదువుతుంటే ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైపోయింది. వాకిట్లో కూర్చుని ఏడ్చాను కూడా. పొయ్యి దగ్గరికి వెళ్ళాక అటక మీద రేడియో కనబడింది. అంతే, చల్లారిపోయాను.

ఏ రేడియోలో విన్నావే నువ్వు? మీ రేడియో నా అటక మీదే ఉంది కదా! మీ పెళ్ళికి మీ నాన్న పెట్టిన ఎర్ర రేడియో. బ్యాటరీలు అయిపోతే కొనే ఓపిక లేక "అక్కా, నువ్వే వేయించుకుని వినవే, నేనొచ్చి పాటలు విని పోతా" అని సత్తిబాబే తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. ఆ వాయుగుండం మాట నేను విన్నది అందులోనే. అప్పట్లో పాలెంలో ఇంకొక రేడియో సుందరరాజు మావయ్య ఇంట్లోనే ఉండేది. ఆయన ఆ వారం అవనిగడ్డలో ఉన్నాడు. మీ ఇంట్లో రాత్రి వార్తలు ఎవరు చదివారు, నువ్వా?

నా మీద జాలి పడి అబద్ధం ఆడతావా? తిట్టు, పడతాను. ఉమ్ముతానన్నా తుడుచుకుంటాను. చచ్చిన నా తమ్ముడి నోట్లో లేని మాట పెట్టి నన్ను ఓదార్చకు. వాడికి తెలియదు. తెలిస్తే వెళ్ళేవాడు కాదు. నేను చెప్పలేదు గనకే వెళ్ళాడు. ఇది ఎన్ని రకాలుగా తిప్పినా ఇంతే.

ఇంకో సంగతి విను. నా కొడుకు నీ దగ్గరికొచ్చి నా మీద చెప్పుకున్నాడు గానీ వాడి సంగతి వాడు చెప్పలేదు నాకు. బందరులో గిలకలదిండి రేవులో ఆనందరావు అని ఎవరిదో మరపడవ ఉందట. దాంట్లో కళాసీగా కుదిరాడు. ఒకసారి వెళ్తే వారం పైగా సముద్రంలోనే. నాతో చెప్పొద్దని తండ్రి దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. మీ అన్నయ్య మొహం చూస్తే ఒట్టు నిలబెట్టుకునే మొహమా! రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి తడబడితే సంగతంతా లాగేశాను. ఈ పున్నమి దాటగానే బయల్దేరుతున్నారట.

నేనూ బందరు వెళ్తున్నాను. రేవులో నిలబడి పిలుస్తాను. పడవ యజమాని వాణ్ణి గెంటేస్తే గెంటెయ్యనీ. పనిలేని కొడుకైనా పరవాలేదు, ప్రాణంతో ఉంటే చాలు.

నాకు మళ్ళీ రాయకు.

చిట్టెమ్మ

గుడివాడ
సెప్టెంబరు 1998

వదినా,

రాయకన్నావు, రాస్తున్నాను. పోస్టులో వేస్తే అందేసరికి నువ్వు బందరు బస్సెక్కేస్తావని, నాగాయలంక నుంచి చేపల లోడు తెచ్చే సత్తెయ్య చేతికిస్తున్నాను. చేతులు జోడించి అడుగుతున్నాను, ఇది చదివాకే గడప దాటు.

అవును, అబద్ధమే రాశాను. నీ కోసం అనుకుంటున్నావేమో, సగం నా కోసం. నువ్వు నోరు తెరవలేదని నీ బాధ. నేను తెరిచానని నా బాధ. మొగుడు పోయిన దుఃఖాన్ని ఎక్కడ వెయ్యాలో తెలియక నీ నెత్తిన వేశాను. ఆ తర్వాత పాలెంలో నేను ఎదురైతే మగాళ్ళు పడవ దిగి ఇంటికి పోయేవాళ్ళు. బొట్టు లేని దాన్ని కదా. అది భరించలేక సునీత చెయ్యి పట్టుకుని నాగాయలంక బస్సెక్కాను. వెనక్కి చూశాను. నువ్వు ఉప్పు గుట్ట పక్కన నిలబడి ఉన్నావు. పిలుస్తావేమోనని చూశాను. పిలవలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది గానీ, ఎలా పిలుస్తావు, నీ నోటికి తాళం వేసింది నేనే కదా.

సరే, అబద్ధం చెల్లలేదు. ఇప్పుడు నిజం ఒకటి అడుగుతాను, జవాబు చెప్పు.

మర్నాడు నేను మీ గుమ్మంలోకి వచ్చి ఆ మాట అన్నప్పుడు నువ్వు అరుగు మీద కాళ్ళు చాపి కూర్చున్నావు. గోపి పిన్నీసుతో నీ పాదాల్లోంచి ముళ్ళు తీస్తున్నాడు. రెండు పాదాలూ వాచి ఉన్నాయి, నెత్తురు అట్టలు కట్టింది. పదేళ్ళుగా ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆ పాదాలూ గుర్తొస్తాయి నాకు. అవి అలా ఎందుకున్నాయని మాత్రం ఏనాడూ అనుకోలేదు. నీ ఉత్తరం చదివి, కోపంతో చింపబోయి, అప్పుడు అనుకున్నాను. ఇంటి నుంచి ఒడ్డు దాకా ఇసుకే కదా వదినా! ఆ దారిలో ఒక్క ముల్లు లేదు. తుమ్మలున్నది ఉప్పు కయ్యల వెనకాల. ఒడ్డున నోరు మూసుకుని నిలబడిపోయిన మనిషి పాదాల్లోకి అన్ని తుమ్మముళ్ళు ఎలా వచ్చాయి? ఆ రోజు అటువైపు ఎందుకెళ్ళావు?

నీకే గుర్తు రావాలి. నాకు తెలియదు.

ఇంకొక మాట. నేను రోజూ పొద్దున్నే బుట్ట దించి ఒక రేటు చెప్తాను. సాయంత్రానికి తెలుస్తుంది, ఏలూరు నుంచి సరుకు రాలేదని, ఇంకో పది ఎక్కువ చెప్పాల్సిందని. మొదట్లో రోజూ ఇంటికెళ్ళి నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఒకరోజు సునీత అంది, "సాయంత్రం తెలిసినదానికి పొద్దున్నటి అమ్మని తిడతావేంటమ్మా, ఆవిడకి తెలీదుగా" అని. చిన్న బేరం సంగతే. నీ తమ్ముడు చేప కాదు, నాకు తెలుసు. అయినా ఆ పొద్దున్నటి చిట్టెమ్మని నువ్వూ నేనూ కలిసి పదేళ్ళు తిట్టాం. ఆవిడకి మనంత తెలియదు. ఆ పొద్దున ఆవిడ ఏం చేసిందో ఒక్కసారి సరిగ్గా గుర్తు చేసుకో. ఆ తర్వాత నీ ఇష్టం, బందరు వెళ్తే వెళ్ళు.

మాణిక్యం

మచిలీపట్నం, గిలకలదిండి రేవు
అక్టోబరు 1998

మాణిక్యం,

ఇక్కడ టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద టీ పడింది, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం సత్తెయ్య ఇచ్చాడు. గడప మీద కూర్చుని చదివాను. ముళ్ళ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. మీ అన్నయ్య "ఏమైందే" అని మూడుసార్లు అడిగాడు. నా కాళ్ళ వంక చూసుకుంటున్నాను. కుడి మడమలో ఒక ముల్లు లోపలే ఉండిపోయి ఇప్పటికీ గట్టిగా తగులుతుంది, ఎన్నో ఏళ్ళుగా ఆనెకాయ అనుకుంటున్నాను దాన్ని.

గుర్తొచ్చింది మాణిక్యం. వీపు వైపు నుంచి పిలవకూడదు, సరే. ఎదురెళ్ళి చెప్పొచ్చు కదా! ముత్తైదువ ఎదురొస్తే మంచిదే కదా! నోరు మూసుకున్న మాట నిజమే, కానీ నిలబడిపోలేదు. వెనకే పరిగెడితే వాడు తిరిగి చూస్తాడని, ఉప్పు కయ్యల వెనక నుంచి చుట్టు తిరిగి, పడవకి ముందు చేరాలని పరిగెత్తాను. చెప్పులు లేవు. చీర చిరిగింది. ఒకసారి పడ్డాను కూడా. తుమ్మల్లోంచి బయటపడేసరికి పడవ మొదటి అల దాటేసింది. చేతులూపాను. వాడు చూడలేదో, వీడ్కోలు అనుకున్నాడో. అనుకునే ఉంటాడు, వాడూ చెయ్యి ఊపాడు.

ఇది ఎలా మర్చిపోయానే నేను? నోరు మూసుకున్నది రోజూ గుర్తుంది. కాళ్ళు పరిగెత్తింది ఒక్కరోజూ గుర్తు రాలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆ పొద్దుటి సంగతుల్లోంచి నాకు కావలసిన ముక్క ఒక్కటే ఉంచుకుని మిగతాదంతా పారేశాను.

అయినా బందరు బస్సెక్కాను. ఎందుకెక్కానో, ఎక్కి ఏం చెయ్యాలో నాకే తెలియదు. ఎర్ర రేడియో సంచిలో పెట్టుకున్నాను. చల్లపల్లిలో బస్సు ఆగినప్పుడు కొత్త బ్యాటరీలు వేయించాను.

పొద్దున్నే వార్తలు విన్నాను. విని, వాళ్ళకంటే ముందే రేవులోకి వెళ్ళి మరపడవ పక్కన నిలబడ్డాను. కళాసీలు వరసగా వస్తున్నారు. నన్ను చూడగానే గోపి మొహం పాలిపోయింది. దగ్గరికొచ్చి "అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇక్కడ నోరెత్తకు. ఇదొక్కటే దొరికింది నాకు" అన్నాడు గొంతు తగ్గించి. సరంగు, అంటే ఆ పడవ నడిపేవాడు, "ఎవర్రా ఆవిడ" అని అరిచాడు. అందరూ ఆగారు.

అప్పుడు చెప్పాను. ఎదురుగా నిలబడి, మొహంలోకి చూసి చెప్పాను. "రేడియోలో విన్నాను నాన్నా. గాలి మామూలుగానే ఉంటుందట, వాయుగుండం ఏదీ లేదట. వెళ్ళి రా."

ఇలా ఎదురు నిలబడి రేడియో మాట చెప్పడానికే మాణిక్యం, ఆ రోజు తుమ్మల్లో పడి పరిగెత్తింది.

సరంగు నవ్వి "ముత్తైదువ ఎదురొచ్చింది, పైగా వాతావరణం కూడా చెప్పింది. రోజూ రా అమ్మా, నీకో చేప పడేస్తాం" అన్నాడు. వాళ్ళు ఎక్కారు. ఇక చూడు నా అవస్థ! గోపి వీపు నా వైపు తిరిగింది. గొంతులో పిలుపు కప్పలా ఎగురుతోంది. పక్కన కిళ్ళీ కొట్టుంటే రెండు కిళ్ళీలు ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను. పడవ కనుమరుగయ్యేదాకా నములుతూ, ఏడుస్తూ నిలబడ్డాను. కొట్టువాడు నన్ను పిచ్చిదనుకుని ఉంటాడు.

ఇప్పుడు పాలెం వెళ్తున్నాను. మీ అన్నయ్య రాత్రంతా నిద్రపోయి ఉండడు.

చిట్టెమ్మ

గుడివాడ
అక్టోబరు 1998

వదినా,

నీ ఉత్తరం మార్కెట్లోనే చదివాను. చదువుతూ బేరం చేస్తే ఎవరికి ఎంత తూచానో తెలియలేదు. సునీత చదివి "మా అత్త రెండు కిళ్ళీలు కుక్కుకుందా" అని ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ ఏడ్చింది. వాళ్ళ నాన్న చెయ్యి ఊపాడన్న చోట వేలు పెట్టి అలా ఉండిపోయింది. ఆ ముక్క మాకు ఇప్పుడే తెలిసింది.

దసరా దాటింది కదా, పెద్దలు ఏమన్నారో రాయి. నువ్వు రోజూ పడవలకి ఎదురెళ్ళి రేడియో మాట చెప్తున్నావని సత్తెయ్య చెప్పాడు. నువ్వు ఎదురెళ్తే శకునం. నేను ఎదురెళ్తే అపశకునం. నీ అదృష్టం నీది, నేను కుళ్ళుకోవడం లేదు. కొంచెం కుళ్ళుకుంటున్నాను.

ఒక భయం ఉంది, దాచకుండా రాస్తున్నాను. ఇన్నాళ్ళూ మంచి వాతావరణం చెప్పావు, విన్నారు. కార్తీకం వచ్చింది. రేడియో చెడ్డ మాట చెప్పే రోజు వస్తుంది. ఆ రోజు నువ్వు చెప్పినా వినక ఎవడైనా వెళ్తే? వెళ్ళి రాకపోతే? మళ్ళీ ఇంకో పదేళ్ళు అరుగు మీద కూర్చుంటావా? అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

మాణిక్యం

దిబ్బలపాలెం
నవంబరు 1998

మాణిక్యం,

నువ్వు భయపడ్డ రోజు రానే వచ్చింది.

పెద్దలు నన్ను వదిలేశారు. ముత్తైదువ ఎదురొచ్చి మంచి మాట చెప్తే తప్పేముందని మీ అన్నయ్య అందరి ముందూ గట్టిగా అడిగాడట. అదే మనిషి నా దగ్గర మాత్రం పిల్లిలా ఉంటాడు. సుందరరాజు మావయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. నన్ను చూస్తే మొహం పక్కకి తిప్పుకుని పడవెక్కేవాడు.

సోమవారం పొద్దున రేడియోలో చెప్పారు. వాయుగుండం బలపడింది, బందరు రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు, ఎవరూ వేటకి వెళ్ళొద్దన్నారు. నేను రేడియో చంకలో పెట్టుకుని ఒడ్డుకి పరిగెత్తి పడవల ముందు నిలబడి అరిచాను. గాలి లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. అయినా అందరూ ఆగారు. పడవలు పైకి లాగేశారు. సుందరరాజు మావయ్య ఆగలేదు. ముందు రోజు వేసిన వలలు మొగ అవతల ఉండిపోయాయట, వెళ్ళి తీసుకుని గంటలో వచ్చేస్తానన్నాడు. ఎదురుగా నిలబడి చెప్పాను. చేతులు పట్టుకుని చెప్పాను. "పక్కకి తప్పుకో చిట్టీ, నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నా ఈ సముద్రాన్ని" అన్నాడు. ఆయన కళాసీలిద్దరూ దిగిపోయారు. ఒక్కడే తోసుకుని ఎక్కాడు.

అప్పుడు నేను మానేసిన పని మళ్ళీ చేశాను. వెనక నుంచి పిలిచాను. "మావయ్యా, వెనక్కి రా! వెనక్కి రా!" అని నా గొంతు చిరిగిపోయేలా పిలిచాను. ఊరంతా విన్నారు. ఆయనా విన్నాడు. ఒక్కసారి భుజం కదిలింది. సముద్రంలోకి ఉమ్మేసి తెడ్డు వేశాడు.

విన్నావా మాణిక్యం? ఎదురెళ్ళి చెప్పాను. వెనక నుంచి పిలిచాను. ఆ రోజు నేను చెయ్యలేకపోయినవన్నీ ఈసారి చేశాను. ఆయన వెళ్ళాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. రాత్రంతా తాటాకులు ఎగిరిపోయాయి. ఆయన రాలేదు. మావయ్య భార్య అత్తమ్మ తడిసిపోయి నా గుమ్మంలోకి వచ్చింది. నా రెక్క పట్టుకుని ఊపేసి "ఇంకా గట్టిగా పిలవలేకపోయావా, నీ నోటికేమొచ్చింది" అని అరిచింది. నీ మాటే, అదే గుమ్మం. నేను అరుగు మీద కూలబడలేదు. ఆవిణ్ణి లోపలికి లాగి, పొడి చీర కట్టబెట్టి, "పిలిచాను అత్తమ్మా. విన్నాడు. వెళ్ళాడు" అన్నాను. రాత్రంతా ఆవిడ తల నా ఒళ్ళోనే. భయంతో నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. భయమే. తప్పు చేశానన్న మంట ఎక్కడా లేదు. వెతుక్కున్నాను కూడా, లేదు. అవి రెండూ వేరు వేరని ఈ వయసులో తెలిసింది.

మర్నాడు సాయంత్రం మన కుర్రాళ్ళు ఆయన్ని మడ అడవిలోంచి మోసుకొచ్చారు. పడవ రెండు ముక్కలైందట, మడచెట్టు పట్టుకుని ఉండిపోయాడు. బతికాడు. కళ్ళు తెరిచి నన్ను చూసి మొదట అన్న మాట, "నీ కేక దరిద్రమే ఇదంతా." నాకు నవ్వాగలేదు. ఆయన మంచం పక్కన కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. అత్తమ్మ కూడా నవ్వింది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

పిలిస్తే ఆగలేదు. పోయాడనుకున్నవాడు వచ్చాడు. సత్తిబాబు నా పిలుపుకి ఆగేవాడేమో, ఆగేవాడు కాదేమో. వాడు నా మాట వినేవాడు కాబట్టి ఆగేవాడనే ఇప్పటికీ అనిపిస్తుంది. నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఇన్ని ప్రాణాలు నా ఒక్క నోట్లో ఉన్నాయని పదేళ్ళు అనుకున్నాను చూడు, ఎంత పొగరు! వాణ్ణి తలుచుకుని ఇప్పుడూ ఏడుస్తాను. ఏడిస్తే వాడే గుర్తొస్తున్నాడు, నేను కాదు. వాడు పాటలు వింటూ అరుగు మీద కాలు ఊపడం, అప్పడాల కోసం గోపితో కొట్లాడడం, అవన్నీ గుర్తొస్తున్నాయి. అవి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో!

గోపి రెండోసారి వెళ్ళొచ్చాడు. నల్లబడ్డాడు, బాగున్నాడు. బందరు నుంచి సునీతకి గాజులు కొన్నాడట. మరదలికి నేనెందుకు కొనకూడదని నా మీదికే వస్తున్నాడు. ఆ సంగతి మనం తర్వాత చూసుకుందాం.

ఇక నీ సంగతి. రేడియో ఎత్తుకుని రోజూ ఒడ్డున నిలబడడం నా ఒక్కదాని వల్ల కావడం లేదు. చెయ్యి లాగేస్తోంది. అది నీ రేడియో, వచ్చి నువ్వు పట్టుకో. నా పక్కనే, పడవలకి ఎదురుగా నిలబడు. బొట్టు లేదని ఎవడైనా మొహం తిప్పుకున్నాడా, ఆ రోజు వాడికి వాతావరణం చెప్పం. చూద్దాం ఎన్నాళ్ళు తిప్పుకుంటారో.

నువ్వు సునీత చెయ్యి పట్టుకుని బస్సెక్కిన రోజు పిలవలేదు నేను. వెనక్కి చూశావని నువ్వు రాసేదాకా నాకు తెలియదు. ఇప్పుడు పిలుస్తున్నాను. వినేసి ఊరుకుంటావో, వస్తావో నాకు తెలియదు. సుందరరాజు మావయ్య లాగా ఉమ్మేసి పోతావేమో కూడా. అయినా పిలుస్తున్నాను.

మాణిక్యం, వెనక్కి రా.

చిట్టెమ్మ